ముద్ర లేని సంచి

నా కొలువు పేరు పూర్తిగా చదివేలోపు
గుమ్మం మీది మంచు కరిగిపోతుంది, అంత పొడుగు.
పిల్లలు చెత్తపోలీసు అంటారు. అదే నయం.

మా లోయలో చెత్తకి సంచి లెక్కన ధర.
ముప్పై అయిదు లీటర్ల నీలం సంచి, దాని మీద పంచాయతీ ముద్ర,
దుకాణంలో గల్లాపెట్టె వెనక సిగరెట్లలా దాచి అమ్ముతారు.
ఎంత పారేస్తే అంత కట్టాలి.
న్యాయమంటే ఇదేనని
ఊరంతా సభలో చేతులెత్తి ఒప్పుకుంది.
కొన్ని చేతులు కాస్త ఆలస్యంగా లేచాయి.

గాజుకి డబ్బక్కర్లేదు:
తెల్లది తెల్లదాంట్లో, పచ్చది పచ్చదాంట్లో.
ఆదివారం మాత్రం సీసా వేయకూడదు,
ఆ పగిలే చప్పుడుకి దేవుడి కునుకు చెడుతుందేమో.
పాత కాగితాలు దారంతో కట్టి నెలకోసారి వాకిట్లో పెడితే
బడిపిల్లలు బండి తోసుకొచ్చి పట్టుకెళతారు.

మంగళవారం పొద్దున ఏడింటికి లారీ.
ఆరున్నరకి నేను.

ముద్ర లేని సంచిని లారీ ముట్టదు.
నేను ముట్టుకుంటాను.
షెడ్డులో ఒక బల్ల, మోచేతుల దాకా తొడుగులు, పొడుగాటి పట్టకారు.
వెతకాల్సింది ఒక్కటే: పేరు.
కవరు మీదో, మందుల డబ్బా మీదో, కరెంటు బిల్లు చిరిగిన మూలనో.
అది దొరికేదాకా
మిగతావన్నీ చూడాలి, చూడనట్టు.
ఇంటి గుట్టు సంచికి చేటు.
తాగుడు మానేశానన్న ఎవరు మానలేదో నాకు తెలుసు,
ఏ ఇంట్లో రెండు పళ్లకుంచెలు ఒక్కటయ్యాయో తెలుసు.
వీధిలో ఎదురుపడితే
నేను వాన గురించే మాట్లాడతాను.

నవంబరు చివర్లో ఒక నల్ల సంచి.
అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, పైన చిన్న ముడి.
ఎక్కడో చూసిన ముడి.
లోపల కడిగి ఆరబెట్టిన గుడ్డు పెంకులు,
ఒక్కరికి సరిపోయే సూపు పొట్లాలు, లెక్కపెడితే పదకొండు,
ఎండిపోయిన ఎర్రసిరా కలాలు ఓ గుప్పెడు,
అడుగున చుక్కల మందు సీసా పెట్టె.
బార్లా దెరుంగ్స్.

కాగితాల కట్టకి ముడి వేయడం
మూడో తరగతిలో మాకు నేర్పింది ఆవిడే.
గుణకారాలు కూడా.
సంచి రెండు ఫ్రాంకులు, జరిమానా నూరు:
యాభై రెట్లు. నోటిలెక్క.
పట్టకారు కింద పెట్టి
కొంచెంసేపు కొండకేసి చూశాను.
కొండ ఏం చెప్పలేదు.
నోటీసు రాశాను.

ఏడో తేదీకి గడువు.
ఆ రోజు ఆవిడే వచ్చింది, పొడుగు కోటు, మంచు అంటిన బూట్లు.
పర్సు బోర్లించి, నాణేలు పదేసి దొంతర్లుగా పేర్చింది.
"ఫ్లూరిన్, నీ ఏడుకి ఇంకా నడుముగీత రాలేదు.
ఒకటనుకుని ఒకటో తేదీన వచ్చాను.
ఆదివారం. తాళం."
తప్పయిందన్నాను.
ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత కూడా
నా చేతులు వెనక్కి వెళ్లి కట్టుకున్నాయి.

రసీదు మడిచి పెట్టుకుంటూ
"ఎలా కనిపెట్టావు?" అంది.
మందు పెట్టె మీద పేరుందన్నాను.
"ఓహో," అంది, కాస్త చిన్నబుచ్చుకుని.
"ముడి చూసి అనుకున్నాను."

తర్వాతి మంగళవారం
ఆవిడ గేటు ముందు నీలం సంచి.
ముద్ర ఉంది, ముడి అదే.
ఈ ఊళ్లో ఎవరైనా కాలితో తొక్కి తొక్కి
సంచి పగిలేదాకా నింపుతారు, డబ్బు పెట్టి కొన్నది కదా.
ఆవిడది సగం కూడా నిండలేదు.
గాలికి ఒక పక్క లోపలికి పోయి
మళ్లీ బయటికి వస్తోంది.

లారీ ఆగింది, తీసుకుంది, కదిలింది.
ముద్ర ఉన్న సంచి
నా పరిధిలోకి రాదు.