అంచు మడవని చొక్కా

సెమెయ్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు
నా పని ఒక్కటే: అంచులు.
ఎవరో కత్తిరించేవారు, ఎవరో చంకలు కలిపేవారు,
నా దగ్గరికొచ్చేసరికి ప్రతి గుడ్డకీ
పోగులు వేలాడుతుండేవి
ముక్కు తుడవని పిల్లల్లాగా.
రెండు మడతలు, ఒక కుట్టు, పక్కకి తోసెయ్.
రోజుకి మూడొందలు.
నిద్రలో కూడా దుప్పటి అంచు మడుస్తున్నానని
మీ తాత నవ్వేవాడు.

అలాంటి చేతికి
నీ మొదటి చొక్కా వచ్చింది పిల్లా,
ఇర్తిష్ గడ్డకట్టిన నెలలో,
నువ్వు పుట్టిన మూడో రోజున.
మనవాళ్లు దాన్ని కుక్క చొక్కా అంటారు,
ఎందుకో తర్వాత చెప్తాను.
దానికి అంచు మడవకూడదట.
మడిస్తే ఆయుష్షు అక్కడితో ఆగుతుందని
మా అమ్మ చెప్పింది, ఆమెకి వాళ్లమ్మ.
చెప్పినవాళ్లెవరూ
అంచులు కుట్టి బతికినవాళ్లు కారు.

గుడ్డ తొలెప్‌బెర్గెన్ తాతది.
తొంభై మూడు నిండినా
గుర్రం దిగడానికి ఎవరి చెయ్యీ పట్టుకోడు.
అడగ్గానే ఒంటిమీది చొక్కానే విప్పబోయాడు
మంచులో, వాకిట్లో నిలబడి.
పెట్టెలోది చాలన్నాను.
వీపు దగ్గర బట్ట నలిగి నలిగి
పాలమీది మీగడంత మెత్తన.
జేబు కిందున్న చోటు మాత్రం
ఎండ తగలక కొత్తగానే ఉంది, చిన్న పలక.
అది నీ గుండెమీదికి వచ్చేలా కత్తిరించాను.

మిషను ముట్టుకోలేదు.
పాత పొదోల్స్క్ మిషను కిటికీ కింద
ముసుగేసుకుని అలిగి కూర్చుంది.
కుట్లు బయటివైపు రావాలి, లోపల నీ ఒళ్లుంది.
కాజాల్లేవు, గుండీల్లేవు, కాలరు లేదు.
నా జానెడు, పైన రెండు వేళ్లు, అంతే నువ్వు.
చివరికి వచ్చేసరికి చూపుడువేలు తనంతట తనే
గుడ్డని లోపలికి మడిచింది.
విప్పాను.
మళ్లీ మడిచింది.
మీ అమ్మ అక్మరాల్ నీకు పాలిస్తూ చూస్తోంది.
"అత్తయ్యా, చేతుల మీద కూర్చోండి" అంది.
నిజంగానే కూర్చున్నాను.

నలభై రోజులు వేసుకున్నావు.
ఉతికినప్పుడల్లా నాలుగు పోగులు రాలేవి,
రాత్రి నీ పిడికిలి విప్పితే
ఐదోది అందులో దొరికేది.
చివరికి చొక్కా పొట్టిదయిందో
నువ్వే పొడుగయ్యావో తేల్చుకోలేకపోయాం.

నలభై చెంచాల నీళ్లు పోసి
చొక్కా విప్పి, అందులో మిఠాయిలు, ఎండుద్రాక్ష
మూటకట్టి మొయ్‌నాక్ మెడకి వేలాడదీశాం.
అదీ కుక్క చొక్కా కథ.
వాడు ముసలాడు, కుంటుతాడు,
పిల్లలకి తేలిగ్గా దొరుకుతాడనుకున్నాం.
ఎక్కడ!
మెడలో నీ వాసన, వెనక పద్నాలుగు మంది కేకలు,
కుంటి సంగతే మర్చిపోయి
గడ్డివాముల పక్కనుంచి, పోస్టాఫీసు చుట్టూ తిరిగి
గడ్డకట్టిన కాలవ మీద నాలుగు కాళ్లూ జారుతూ
పోయాడు.
కన్షాయిమ్ వాకిట్లో దొరికాడు,
ఆమె చేతిలో రొట్టె ముక్క చూసి.
పిల్లలు మిఠాయిలు పంచుకుని
చొక్కా ఆమె చేతిలో వదిలేసి వచ్చారు.

ఆ చొక్కా పిల్లల్లేని ఆడమనిషి దాచుకుంటే మంచిదని
వీధి వీధంతా తెలుసు.
తెలుసు గనకే ఎవరూ ఆమెవైపు చూడలేదు.
పెళ్లై పదకొండేళ్లు.

చీకటి పడ్డాక వచ్చింది.
ఉతికి, పొయ్యి పక్కన ఆరబెట్టి
నాలుగు మడతలు పెట్టిన చొక్కా బల్లమీద ఉంచింది.
టీ తాగింది. పాలు తక్కువయ్యాయంది.
నిన్ను ఎత్తుకోలేదు, ఊయల కాస్త వంకరగా ఉందని
సరిచేసింది.
లేచి, తలుపువైపు చూస్తూ
"ఇది మీరే ఉంచుకోండి.
కొలతలు మాత్రం కాగితం మీద గీసివ్వండి" అంది.

ఎవరికని అడగలేదు నేను.
చక్కెర పొట్లం నీలం కాగితం పరిచి
సబ్బు అరుగుతో గీశాను:
మెడ, చంక, చెయ్యి.
కింద, అలవాటు కొద్దీ,
మడతకని ఒక వేలు వదిలి
చుక్కల గీత గీసేశాను.

ఇద్దరం ఆ గీత చూశాం.
వేలు నోట్లో తడిచేసుకుని
ఆమే చెరిపింది.