వైన్స్ పక్క సందు

ఫాతిమానగర్ల మీటింగెక్కడంటే
అందరొక్కటే గుర్తు చెప్పిండ్రు:
"వైన్స్ పక్క సందు."

నాకు చెప్పాల్నా ఆ గుర్తు?
కండ్లు మూసుకున్నా కాళ్లు పోతయ్.

ఇయ్యాల ఆ కాళ్లతోనే
ఉడకవెట్టిన పల్లీల బండి దాటిన,
పర్మిట్ రూమ్ నవ్వులు దాటిన,
"ఓ కొంరన్నా!" అన్న పిలుపుకు
చెవుడొచ్చినట్టు నడిచిన.

కుట్టుమిషన్ల బడి మీద రేకుల గది.
పదకొండు మెట్లు.
పోయిన మంగళవారం నాలుగెక్కి దిగిన.

తలుపు కాడ ఒక పెద్దమనిషి,
లోకోషెడ్డుల చేసి దిగిన ఓదెలన్నట,
పేరడగలే, ఊరడగలే.
"మొన్న కిటికీలకెల్లి చూసి నీకూ వోసిన తమ్మీ,
సల్లారిపాయె.
ఇది తాగు."

చెయ్యి వణికి
సగం చాయ్ ఒలికింది.

తుడుసుకునే బట్ట
ముందే బల్ల మీదున్నది.