అడుగు

ఫ్లింట్ ఊళ్ళో చిల్లీ అంటే మిరపకాయ కాదు.
మాంసాన్ని ఇసకలా పొడిపొడిగా విడగొట్టి
జీలకర్రతో గంటలకొద్దీ మగ్గబెట్టిన
గోధుమరంగు తడి.
హాట్ డాగ్ మీద పోస్తే జారకూడదు.
బర్గర్ మీద పోస్తే బన్ను నానకూడదు.
మిగతా అమెరికా ఏమన్నా అనుకోనీ.

ఆ తడి ఎలా పుడుతుందో తెలిసినవాడు
స్పాసె ఒక్కడే.
మాసిడోనియా తండ్రి నుంచి ఆయనకి దక్కినవి రెండు:
ఒకటి మీసం, అది అందరికీ కనిపించేది.
రెండోది తెల్లవారుజామున నాలుగింటికి
వంటగది గడియ పెట్టుకుని వండేవాడు.
ఏముందయ్యా అందులో అని విల్బర్ట్ అడిగితే
"నీ అప్పు ఉంది" అనేవాడు.

ఆరింటికి తలుపు తెరుచుకునేది.
ఎడమచేతి మీద మణికట్టు నుంచి మోచేయి దాకా
ఆరు బన్నులు వరసగా పేర్చుకుని,
ఆరు సాసేజీలు, ఆరు గరిటెలు, ఆరు ఆవసాసు గీతలు,
పైన ఉల్లితరుగు,
ఒక్క మెతుకు కింద పడకుండా
బల్లల మధ్య నడిచేవాడు.
ఆ చేతిమీద వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి.

నేను డెల్ఫీన్‌ని. సింకు దగ్గర పదకొండేళ్ళు.
తలుపుకి గడియ ఉంటుంది గాని
గిన్నెకి ఉంటుందా?
అడుగంటిన మాడుని గోటితో గీరేదాన్ని.
నల్లటి పెచ్చులో గుండెకాయ నారలు,
ఉప్పు బిస్కెట్ల పొడి,
అంచున ఎర్రగా ఎండిన చారలో మిరపపొడి,
ఇంకా వేడి వదలని ఆవిరిలో
ఒక్క లవంగం, ఒక్కటే.
ఏ రోజు మంట పెద్దదైందో,
ఏ రోజు ఆయన మనసు వంటమీద లేదో
పీచుకి తెలిసేది, నాకు తెలిసేది.
చెప్పమని ఎవరూ అడగలేదు.
అడుగుని ఎవరడుగుతారు?

ఫిబ్రవరిలో, రోడ్డు మీద మంచు గాజులా పరుచుకున్న పొద్దున,
స్పాసె ఉల్లిపాయల బుట్ట పక్కనే కూలిపోయాడు.
ప్రాణం మిగిలింది. మాట పోయింది.
బన్నులు మోసిన ఆ చెయ్యీ పోయింది.

కొడుకు గోర్గి లెక్కలు చదివినవాడు.
కాగితం మీద రాసుకుని వండాడు.
మొదటి వారం టమాటా ఎక్కువ.
రెండో వారం బీన్స్ వేశాడు, దేవుడా, బీన్స్!
విల్బర్ట్ సగం తిని లేచిపోయాడు,
ఆ సగం నా దగ్గరికే వచ్చింది.
మిగిల్చిన ప్లేట్లన్నీ నా దగ్గరికే వస్తాయి.
చెత్తడబ్బా బరువెక్కింది, గల్లాపెట్టె తేలికైంది.

మార్చిలో ఒక రాత్రి గోర్గి
కౌంటరు మీద తల వాల్చి నిద్రపోయాడు.
నేను చేతులు తుడుచుకున్నాను.
గుండెకాయ తరిగాను. బిస్కెట్లు నలిపాను.
మంట తగ్గించి, ఇంకాస్త తగ్గించి,
నాలుగు గంటలు గరిటె పట్టుకుని నిలబడ్డాను.
గడియ పెట్టలేదు.

ఆదివారం ముసలాయన్ని చక్రాలకుర్చీలో తీసుకొచ్చారు.
గోర్గి చెంచాతో పెట్టాడు.
నమిలాడు. ఆగాడు.
కొడుకు వైపు చూడలేదు.
గిన్నెలు అందించే చిన్న కిటికీలోంచి
నురగ అంటిన నా చేతుల వైపు చూశాడు,
చాలాసేపు, కోపంగానే.

తర్వాత బాగున్న చెయ్యి పైకెత్తి
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
గాలిలో విదిల్చాడు.
ఉప్పు. ఇంకో చిటికెడు.

ఇప్పుడు వంట నాదే. గిన్నె తోమేదీ నేనే.
ఆయన ప్రతి ఆదివారం వస్తాడు,
ప్రతి ఆదివారం అవే వేళ్ళు, అదే చిటికెడు.

నేను వెయ్యను.
వేసేస్తే
వచ్చే వారం నాతో ఏం మాట్లాడతాడు?