దారికి ఎదురు రండి

పొద్దున్న ఆరున్నరకి నేను చదివేవి ఇలా ఉంటాయి:
"ఎండిన సరస్సు దాటాక మూడో గేటు దగ్గరుండే ఓవిదియోకి.
గొర్రెల మందు గురువారం లారీలో వస్తోంది,
దారికి ఎదురు రా."
"కొండ మీది ఎర్మెలిందాకి.
మనవరాలు పుట్టింది, మూడు కిలోలకి కాస్త తక్కువ,
తల్లి లేచి కూచుంది."
"పేరు వద్దన్న ఒకరికి. సరే."

ఆ 'సరే' ఎవరిదో, దేనికో నాకు తెలీదు.
తెలుసుకోకుండా చదవడమే నా ఉద్యోగం.
పటగోనియా గాలికి ఫోను స్తంభాలు పడుకుంటాయి,
మా మీడియం వేవ్ మాత్రం
కంచె తీగల్లో కూడా గొణుగుతుందంటారు
గుర్రాల మీద తిరిగేవాళ్లు.

ఇరవై రెండేళ్లు ఊరి మాట ఊరికి మోశాను.
మా దాకా వచ్చేసరికి

కరెంటు బిల్లు మూడింతలైంది.
లైసెన్సు రుసుము రాజధానిలో ఎవరో
మహానగరపు స్టేషన్ల కొలతతో కుట్టారు,
ఆ చొక్కాలో మేం మునిగిపోయాం.
ట్రాన్స్‌మిటర్‌లో వాల్వు కాలిపోతే
డెల్ఫోర్ ప్యూ
ఏదో పాత ఓడలోంచి విప్పింది తెచ్చి బిగించాడు.
అది ఎర్రబడేదాకా
చంటిపిల్ల జ్వరం చూసినట్టు
చెయ్యి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

పోయిన చలికాలం రెండు స్టేషన్లు ఆరిపోయాయి.
ఆ వార్త ఎవరూ చెప్పలేదు.
ఆ చుట్టుపక్కల చెప్పాల్సినవి
ఆ రెండే.

ఆగస్టులో ఒక శనివారం, ఉన్ని సహకార సంఘం గోదాములో
మిగిలిన పద్నాలుగు స్టేషన్ల వాళ్లం కలిశాం.
ఎలాంటి గొంతులు!
ఒకాయన పలకరిస్తే పైన రేకులు మోగాయి.
ఒకావిడ వాతావరణం చెబితే
ఎండలో కూడా జనం కోట్లు వెతుక్కుంటారట.
టైర్ల కొట్టు ప్రకటన ఎవరు ఎవరి దగ్గర లాక్కున్నారో
తొమ్మిదేళ్ల నాటి ఆ తగువు
గంటన్నర తిన్నది.
చివరికి, "సరే, మన తరఫున ఎవరు మాట్లాడతారు?" అంటే
అందరూ మాతే తాగే బుర్రల్లోకి చూశారు.

మైకు లేదు. ఎర్ర దీపం లేదు.
ఎదురుగా మొహాలున్నాయి.
పరాయి మాట ఎంతైనా చదువుతాం,
చావు కబురైనా గొంతు వణక్కుండా చదువుతాం.
సొంత మాటకి
చేతిలో కాగితం లేదు.

అప్పుడు లేచింది ఎర్సీలియా వెంచుల్.
లెక్కలు రాసే మనిషి, ఎన్నడూ గాలిలోకి వెళ్లని మనిషి.
నత్తి.
"మ... మ... మన..."
మధ్యలో మౌనం వస్తే పాట వేసేసే జాతి మాది.
ఆ రోజు ఎవ్వరం వెయ్యలేదు.
గాలి రేకుల్ని గీరుతూ ఉంది.
ఆ మాట బయటికొచ్చేదాకా
పద్నాలుగు స్టేషన్లు ఊపిరి బిగబట్టాయి.

"మనం... ఒక్క ఏడాదిలో చదివిన కబుర్లు
అరవై ఒక్క వేల చిల్లర.
వాటికి వచ్చింది
మూడు గొర్రె తొడలు, ఒక జత మేజోళ్లు,
జున్ను... తూకం రాసుకోలేదు.
కట్టమంటున్నది ఇదీ."
అని చిట్టా తిప్పి చూపించింది.
అంకె చూసి ఎవరో నవ్వాడు.
నవ్వింది తనొక్కడే అని తెలిసి ఆపేశాడు.

మా సంఘానికి ఆవిణ్ణే గొంతుగా ఎన్నుకున్నాం.
"నేనా?" అని ఆ ఒక్కటే
తడబడకుండా అంది.

ఉత్తరం రాశాం. జవాబు లేదు.
ఇంకోటి రాశాం. దానికీ లేదు.
నిన్న పొద్దున్న ఆరున్నరకి
పద్నాలుగు చోట్లా ఒకేసారి
కబుర్ల చివర ఇది చదివాం:

"రాజధానిలో, మూడో అంతస్తులో,
మాకు పేరు తెలియని అధికారికి.
మేం ఇంకా ఉన్నాం.
గురువారం బస్సులో ఎర్సీలియా వస్తోంది, చిట్టాతో.
ఆవిడ మాట మొదలుపెట్టడానికి కొంచెం టైము పడుతుంది,
మధ్యలో పాట వెయ్యకండి.
దారికి ఎదురు రండి."

ఆయన దగ్గర రేడియో ఉందో లేదో.
తర్వాత ఉన్ని ధరలు చదివాను.