రోజుకొక మూర

బీలలో నీళ్లు పెరగడం ఎవరూ చూడరు.
నిన్న ఉన్న తుంగదుబ్బు ఇవాళ ఉండదు, అంతే.
ఆషాఢం మూడో వారానికి
బడి వెనక గట్టు కింద మా తేనెమొద్దుకీ నీళ్లకీ
పదహారు మూరల ఎడం.

మొద్దంటే మొద్దే.
తుఫానేడు పడిపోయిన కొబ్బరిచెట్టు నడుముముక్క.
మందస కొండ దిగొచ్చి సవర జమ్మయ్య
లోపలంతా దొలిచి, రెండు కొసలా పేడమట్టి మెత్తి,
చిటికెనవేలు దూరే కన్నం ఒకటి వదిలి,
"ఇంక మీరేటీ చెయ్యకండి" అని చెప్పి పోయాడు.
పాతికేళ్ల పంతులుతనంలో
ఏమీ చెయ్యకుండా ఉండటం పిల్లలకి నేర్పింది
అదే మొదటిసారి.

చట్రాలు పెట్టలేదు. పంచదార పాకం పొయ్యలేదు.
వాటి మైనం వాటి ఇష్టం.
మొద్దుకి చెవి ఆనిస్తే
పక్కింట్లో పెళ్లిమాటలు నడుస్తున్నట్టుండేది.

పథకం తరఫున వచ్చిన ఆఫీసరు అడిగాడు:
"ఏడాదికి ఎన్ని కిలోలు?"
ఎనిమిదో తరగతి ఊర్వశి లేచింది.
"ఆటికి సరిపడ్డంత ఉంటాదండి."
"మరి మీకు?"
"ఫాల్గుణంలో ఏలు ముంచి నాకినామండి. నలభైముగ్గురుం."
ఆయన గడిలో సున్నా చుట్టి
జీడితోటల మీదుగా వెళ్లిపోయాడు, కారు అద్దం ఎత్తుకుని.

నీళ్లొస్తున్నాయి. మొద్దు జరపాలి.
కానీ ఈగకి ఇల్లంటే మొద్దు కాదు,
మొద్దు ఉన్న చోటు.
ఒక్కసారే దూరం జరిపితే పాత చోటికే తిరిగొచ్చి
గాలిలో తలుపు వెతుక్కుంటుంది.
అందుకని సాయంత్రం, ఆఖరి ఈగ లోపలికి దూరాక,
నలుగురు పిల్లలు, రోజుకొక మూర.
ఢిల్లేశు మోచెయ్యే కొలబద్ద.
"ఆడి సెయ్యి పెరిగిపోతంది సార్, మూర మారిపోద్ది" అని
ఒకడి గోల.
ఓసారి కనురెప్ప మీద కుట్టించుకున్న అటెండరు కూర్మయ్య
దూరం నుంచే లెక్కపెట్టేవాడు.

తొమ్మిది మూరలు ఎక్కాం.
పదో రాత్రి వాన మూరలు లెక్కపెట్టలేదు.
తెల్లారి చూస్తే మొద్దు వరండాలో ఉంది.
పక్కన కూర్మయ్య, తలకి తడి దుప్పటి, మోచేతులు దోక్కుపోయి.
"ములిగిపోతాదని ఎత్తీసినాను సార్. తప్పా?"
తప్పని ఎలా అనను?

వాన తెరిపిచ్చింది. ఈగలు బయల్దేరాయి,
తూటిపూలకీ, బీల నడిమి కలువలకీ.
తిరిగి రావడం మాత్రం నీళ్ల మీదికే వచ్చాయి.
నిన్నటి తొమ్మిదో మూర దగ్గర
గుప్పెడు ఈగలు, లేని ఇంటి చుట్టూ.

నాకేమీ తోచలేదు.
పుస్తకంలో ఉందేమోనని స్టాఫ్ రూమ్‌లోకి పోయాను కూడా.

ఊర్వశి అంది:
"మా తాతా అంతే సార్.
తుఫాను పట్టుకెల్లిపోయిన ఇంటి కాడికి
పొద్దుటే పోయి కూకునీవోడు.
రావద్దంటే రాడు కదా.
మాయమ్మ అక్కడికే గంజట్టుకెల్లీది.
సీకటి పడ్డాక సెయ్యట్టుకుని తెచ్చీది."

అంటూనే వంటగదిలోంచి చిల్లుకుండ తెచ్చి,
లోపల పాత మైనం రాసి,
మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.
మొద్దు ఉన్న చోట, మొద్దు ఉన్నంత ఎత్తులో,
చిల్లు తూర్పుకి పెట్టి
కుండ పట్టుకు నిలబడింది.

మొదటి పీరియడ్‌లో పేర్లు పిలిచాను.
ఊర్వశి పేరు దగ్గర
ఎవరో కిటికీలోంచి చూసి "ఉందండి" అన్నారు.
హాజరు వేశాను.

చేతులు పీకితే ఢిల్లేశు వెళ్లాడు.
మధ్యాన్నం కూర్మయ్య,
ఒక కన్ను గట్టిగా మూసుకుని.
ఆఖరి గంట కొట్టాక మళ్లీ ఆ పిల్లే.

బీల మీద వెలుగు పోతోంది.
కుండ మూతి దగ్గర ఏదో కదిలి లోపలికి పోయింది.
గట్టు మీంచి కేకేశాను:
"ఇంక తెచ్చెయ్యి, అమ్మా."

తల తిప్పలేదు.
"ఉండండి సార్,
ఇంకొకటొస్తంది."