రివర్స్‌లో ఎక్కిన కొండ

సిమిలిగుడ సంత వెనకాల రేకుల షెడ్డు.
తాడ్డి గురువులు బడికెళ్లలేదు,
పేరు మాత్రం ముందే పెట్టేశారు.

"బండి బలం ఇంజన్లో ఉండదురా గుంటడా,
ఏ చక్రం నేలని పట్టుకుందో దాన్లో ఉంటాది."

అంబాసిడర్ కింద వెల్లకిలా పడుకుని చూపించేవాడు:
ముందు ఇంజను, వెనక తోపు,
మధ్యన కావిడిబద్దంత షాఫ్టు.
"దీనికి బరువంటే ఇష్టం.
డిక్కీలో రెండు అల్లం బస్తాలు పడెయ్,
పొట్టంగి ఘాటీ పాటికి ఘాటీ అనుకోదు.
వానలో ఖాళీగా విదిలించావా,
తోక ముందుకొచ్చి నీ మొహం చూస్తాది."

ఓమ్నీ సీటెత్తితే కిందే ఇంజను.
ఏప్రిల్లో డ్రైవర్ల తొడలు ఉడికేవి.
పందెం కార్లకీ నడుం దగ్గరే ఇంజనంట,
మనం దానిమీద క్యాబేజీలు మోస్తన్నాం అని
బుద్రా ఖిల్లో నవ్వితే
చేతిలో స్పానర్ జారేది.

జీపు మాటెత్తితే గురువులు గొంతు తగ్గేది.
నాలుక్కాళ్లతో పాకేది అదొక్కటే,
నాలుగు నోళ్లతో తాగేదీ అదే.

నా వంతుకొచ్చింది మారుతీ ఎనిమిదొందలు.
ఇంజనూ ముందే, లాగేదీ ముందే.
చదునులో పలుపు పట్టుకు నడిచే మనిషంత బుద్ధిమంతురాలు.

ఆ శ్రావణం
వెనక సీట్లో టీకాల పెట్టె,
పక్కన నర్సు కుంతలా దిది.
నందపూర్ దాటాక ఎర్రబురద, ఏటవాలు.
మొదటి గేరులో ముందు చక్రాలు
ఉన్నచోటే గిర్రుమన్నాయి.
తలుపుల నిండా బురద.
బరువంతా వెనక్కి జారిపోయి
లాగాల్సిన కాళ్లు తేలికైపోయాయి.
పెట్టెలో ఐసు కరుగుతోంది.
దిది గడియారం చూసింది, ఏమీ అనలేదు.

ఎప్పుడో ఒక మధ్యాహ్నం
చేటని గోడకి ఆనించి, దానిమీద అగ్గిపెట్టె పెట్టి
గురువులు బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు:
"ఎత్తెక్కేటప్పుడు బరువు దిగువకి పోతాది.
లాగే చక్రాన్నీ దిగువకే పెట్టు."

కిందికి దిగి బండి తిప్పాను.
రివర్స్ గేరు.
మెడ వెనక్కి మెలితిప్పి, ఒక చెయ్యి సీటు మీద.
ఇంజను పల్లంలో కూచుని
నేలని గట్టిగా నొక్కింది.
జానెడు. మరో జానెడు.
క్లచ్చి కాలిన కమురు వాసన.
వదిలొచ్చిన చోడి మడులన్నీ ముందద్దంలో,
వెళ్లాల్సిన ఊరు వీపు వెనకాల.

"ఇలా ఎక్కొచ్చని ఎక్కడ చదివావు?"
"చదవలేదు దిదీ. బండి కింద పడుకున్నాను."

కొండమీద పిల్లలు
సూదికి జడిసి గాదెల చాటున దాక్కున్నారట.
వానలో మా వెనక దీపాలు ఎర్రగా కనబడి
బండి తిరిగి వెళ్లిపోతోందనుకుని
కేకలేస్తూ అందరూ బయటికొచ్చేశారు.

మేం దగ్గరవుతూనే ఉన్నాం.