గోధుమ ఓడ

కడుపులో ఎనిమిది వేల టన్నుల గోధుమలు,
నెత్తిన నాలుగు విమానాలు.
నిండు చూలాలు తట్ట ఎత్తుకున్నట్టుందని
హాలిఫాక్స్ రేవులో కూలీలు నవ్వారు.

పేరు గ్లెన్ ఆర్డెల్.
యుద్ధనౌక అని ఎవరైనా అంటే
కెప్టెన్ ట్రెగార్తెన్‌కి ఒళ్ళు మండేది.
"మనం తిండి మోసేవాళ్ళం.
పైనున్నది దోమతెర."

నేను అందులో రొట్టెలు కాల్చేవాణ్ణి.
గోధుమల కొండ మీద పడుకుని
గిద్దెడు పిండికి చీటీ రాసి సంతకం పెట్టేవాణ్ణి.

ఆ విమానాలను మీరు చూసి ఉండరు.
ఇనుప ఎముకలకు గుడ్డ చుట్టి
రెండంతస్తుల రెక్కలు కట్టారు.
కత్తిచేప అని పేరు.
ఎదురుగాలి గట్టిగా కొట్టిన రోజున
కింద బొగ్గు ఓడ దాన్ని దాటిపోతుందేమో అనిపించేది.
దిగడానికి చేటంత డెక్కు,
ఆ చేటనూ సముద్రం చెరుగుతూనే ఉండేది.

ఒక్కోదానికి ముగ్గురు.
వాళ్ళనూ మా పట్టీలో డెక్కు కూలీలుగానే రాసుకున్నారు:
నెలకో షిల్లింగు, రోజుకో సీసా బీరు.
వెనక సీటులో వైర్‌లెస్ కుర్రాడు ఇన్నెస్ గౌ,
డండీ వాడు, పందొమ్మిదేళ్ళు.
మాడిన రొట్టె అంచు కోసం
వంటగది గుమ్మంలో నిలబడేవాడు.
"మాడిందాన్లోనే రుచుంది" అని నన్ను ఓదార్చేవాడు.

హ్యాంగర్ మూల, పైకప్పు కారే చోట
రాలిన గింజలు మొలకెత్తాయి.
గౌ వాటిని టీ మగ్గులోకి మార్చాడు.
గ్రీజు చేతుల మధ్య
వేలెడు పచ్చదనం.

వాళ్ళు చేసే పని?
పొద్దున ఎగరడం, సాయంత్రం ఎగరడం,
నలభై ఏడు ఓడల చుట్టూ
గొర్రెల చుట్టూ కుక్కలా తిరగడం.
ఎక్కడో ఒక జలాంతర్గామి
ఆ మోత విని మునిగేది.
మునిగితే దానికి నత్తనడక.
మళ్ళీ తేలి చూసేసరికి
మేం వదిలిన పొగ కూడా మిగిలేది కాదు.
అంతే.
పేలుడు లేదు, మంట లేదు, పతకం లేదు.
దిగి వచ్చి పుస్తకంలో రాసేవారు:
ఏమీ లేదు.
మునగని ఓడను ఎవరు లెక్కపెడతారు?

పదకొండో రోజు సాయంత్రం పొగమంచు.
పైన ఇంజను వినిపిస్తోంది, డెక్కు చివర కనిపించదు.
ట్రెగార్తెన్ ఓడను గాలికి ఎదురు తిప్పి
వెలిగించకూడని దీపాలన్నీ వెలిగించమన్నాడు.
మొదటి చుట్టు మా నెత్తి మీదే.
రెండోది ఎడమవైపు.
మూడోది విన్నామో,
విన్నామనుకున్నామో.
దీపాలు ఇంకో గంట వెలిగాయి.
ఆ పూట రొట్టెలు మాడాయి.
అంచు ఎవరూ అడగలేదు.

నలభై ఏడు బయల్దేరాం,
క్లైడ్ నదిలోకి నలభై ఏడూ వచ్చాం.
నష్టం లేదు, అన్నారు ఆఫీసులో.
నష్టమంటే ఓడ.
విమానం ఓడ కాదు కదా.
పట్టీలో మూడు పేర్లు కొట్టేసి
గుమాస్తా జీతం లెక్క కట్టాడు:
షిల్లింగులో పదకొండు రోజుల వంతు,
నాలుగు పెన్నీలూ చిల్లర.
మనిషి చెడ్డవాడు కాదు.
లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాడు.

యుద్ధం అయ్యాక ఆ డెక్కు కోసేశారు.
ఏరు దాటాక తెప్ప తగలేశారని నేననను.
ఓడ మళ్ళీ గోధుమలే మోసింది,
ఈసారి నెత్తి తేలిగ్గా.

ఆ రోజు గ్రీనక్‌లో నేను దిగుతుంటే
కస్టమ్స్ ఆయన ఆపాడు.
చంకలో సంచీ,
చేతిలో మగ్గు, చుట్టూ చుట్టిన పాత గళ్ళ తువ్వాలు.
లోపల మొలకలు కాస్త పసుపెక్కాయి.
విదేశీ మొక్కలు దించకూడదట.
"ఏముంది అందులో?" అన్నాడు.
ఆయన కోటు మీద వాన పడుతోంది.
వెనక గొట్టాలు గోధుమల్ని పీల్చే రొద,
రొట్టె కోసమే ఆ గోధుమలన్నీ.

తువ్వాలు అంచు ఎత్తి చూశాడు.
నా ముఖం చూశాడు.
మళ్ళీ కప్పేసి
పుస్తకంలో రాసుకున్నాడు:
ఏమీ లేదు.